మహాకాలుడి సున్నం

ఫిబ్రవరిలో ఒక పొద్దున హైదరాబాదులో దుర్గం చెరువు గట్టున నడుస్తున్నాను. నీళ్లలోకి ఒరిగిన బండ మీంచి నీటికాకి ఒకటి లేస్తూ లేస్తూ రెట్ట వేసింది. బండ అక్కడ కాస్త ఏటవాలు. పైన చిక్కటి చుక్కలా పడ్డది జానెడు మేర కిందికి జారి, చివర రెండు పాయలుగా చీలి ఆగింది. గులాబీ చాయ కలిసిన బూడిదరంగు గ్రానైటు మీద ఆ తెలుపు, సంక్రాంతి ముగ్గు వేయబోయి మొదటి గీత దగ్గరే ఎవరో లేచి వెళ్లినట్టుంది. వెనక తీగల వంతెన మీద కార్లు ఆఫీసులకు పరుగెడుతున్నాయి. నేనూ వెళ్లవలసినవాణ్నే. ఆ గీత తడి ఆరేదాకా కదల్లేకపోయాను. అప్పటి నుంచి నవంబరు దాకా, వీలైన ప్రతి ఆదివారం, దాన్ని చూడటానికే వెళ్లాను.

రెట్టకు రసవిమర్శ ఏమిటని అడిగేవాళ్లకు భరతుడు ఎప్పుడో జవాబు చెప్పి పెట్టాడు. నాట్యశాస్త్రం లెక్కపెట్టిన ఎనిమిది రసాల్లో బీభత్సం ఒకటి. దాని స్థాయిభావం జుగుప్స. ప్రతి రసానికీ ఆయన ఒక రంగు, ఒక అధిదేవత ఇచ్చాడు. శృంగారానికి విష్ణువు, అద్భుతానికి బ్రహ్మ, బీభత్సానికి మహాకాలుడు. చదువుకునే రోజుల్లో అది శ్మశానాన్ని దృష్టిలో పెట్టుకుని అన్న మాట అనుకున్నాను. ఈ బండ దగ్గర నిలబడ్డాక దాని అర్థం విప్పుకుంది. అసహ్యమైనదాన్ని తన చేతిలోకి తీసుకుని పని చేసేది కాలమే.

ఒక రసం నుంచి మరొకటి పుడుతుందని కూడా భరతుడు అన్నాడు: శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం. ఈ నాలుగోదానితోనే నాకు పేచీ. రంగస్థలం మీద ఆయన మాట నిజమే కావచ్చు. ఎండకూ వానకూ వదిలేసిన నేల మీద మాత్రం బీభత్సం నుంచి పుట్టేది అద్భుతమే. నా కళ్లతో చూశాను కనక చెబుతున్నాను.

తెలుగు ఈ విషయంలో సంపన్నమైన భాష. ఆవుది పేడ, మేకది పెంటిక, గుర్రానిది లద్దె, పక్షిది రెట్ట. ఎవరిది ఎలా పడుతుందో, ఆరితే ఏమవుతుందో దగ్గరగా ఎరిగినవాళ్లు పెట్టిన పేర్లివి. పేడ అనగానే పిడక, పిడక అనగానే గోడ, గోడ అనగానే అయిదు వేళ్ల అచ్చు. ఏ గోడకు కొడితే పిడక తొందరగా ఆరుతుందో మా అమ్మమ్మకు తెలుసు: పడమటి ఎండ తగిలే మట్టి గోడ. గోడ వెనక నుంచి తడి పీల్చుకుంటుంది, ఎండ ముందు నుంచి లాగేస్తుంది. సున్నం కొట్టిన నున్నటి గోడకు కొడితే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోయేది. ముసురు పట్టిన రోజుల్లో ఏ గోడా పనికొచ్చేది కాదు. నేలా వాతావరణమూ కలిసి ఒక మలాన్ని ఎలా ముసలిదాన్ని చేస్తాయో నాకు మొదటి పాఠం చెప్పింది ఆవిడే.

రెండో పాఠం కోరింగలో. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోటి మడ అడవి అది. 1978లో అభయారణ్యం అయింది. అక్కడ నీటికుక్కలున్నాయి. నున్నటి బొచ్చు, చదునైన తోక, ఏడు నుంచి పదకొండు కిలోల బరువు, ఎప్పుడూ కుటుంబంగా తిరిగే జీవి. ఇంగ్లీషువాళ్లు నీటికుక్క మలానికి ప్రత్యేకంగా స్ప్రెయింట్ అని ఒక పేరు పెట్టుకున్నారు; పిండటం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. వేట మరిగిన దొరలు జాడ వెతికే పనిలో పుట్టించుకున్న మాట. జాడ అన్నది ఇక్కడ నిజంగా సరైన మాటే. నీటికుక్కలు కడుపు తేలిక చేసుకోవడానికి ఎక్కడ పడితే అక్కడ కూర్చోవు. గట్టు మీద ఒక చోటు ఎంచుకుని, గుంపంతా అక్కడికే వచ్చి, వేసి, తొక్కి, పొర్లి వెళతాయి. వాటికి అది ఊరి రచ్చబండ. వచ్చినవాళ్లు ఎవరో, ఎప్పుడొచ్చారో అన్న కబురంతా ఆ వాసనలోనే ఉంటుంది.

చలికాలం పొద్దున, తొమ్మిది కావొస్తోంది. పడవాయన తెడ్డుతో గట్టు చూపించాడు. "అదుగోనండి, నీటికుక్కలండి. రాత్రి పోటుకి ఈ గట్టంతా మునిగిందండి. ఇయన్నీ ఆ తర్వాత ఏసినయ్యేనండి." ఆ ఒక్క మాటతో ఆయన గడియారం తిప్పి సున్నా దగ్గర పెట్టాడు. పోటు గట్టును తుడిచేసింది. కాబట్టి మా ముందున్నవన్నీ ఒక్క రాత్రి బిడ్డలు. వాటిలో మూడు మాత్రం మూడు వేరు వేరు వయసులవాటిలా ఉన్నాయి.

బురద మీద పడ్డది అప్పుడే వేసినట్టుంది. నల్లటి ఆకుపచ్చ, పైన జిగురు మెరుపు, కింద బురద తన తడిని దానికే అరువిస్తోంది. ఇసుకా గవ్వపొడీ కలిసిన మిట్ట మీద పడ్డది ఒళ్లంతా ఇసుక పూసుకుని అంచుల్లో విడిపోతోంది. ఇసుక దాని తడిని తాగేసింది. పడిపోయిన మడచెట్టు మోడు మీద ఉన్నది మరీ వింత. పైనుంచి ఎండ, పక్కల నుంచి గాలి తగిలి, పైపొర అప్పటికే బూడిదరంగుకు తిరిగింది. తేదీ తెలియనివాణ్ని పట్టుకొచ్చి చూపిస్తే మొదటిది ఇవాళ్టిది, రెండోది నిన్నటిది, మూడోది వారం నాటిది అనేవాడు. మూడూ అక్కచెల్లెళ్లు. వయసు వేసినదాని లోపల లేదు. వయసంతా నేల పెట్టింది.

నేను మోకాళ్ల మీద వంగి ఇసుక మీది దానికేసి చూస్తూ ఉండిపోయాను. యూరపు నీటికుక్కల మలం వాసనను అక్కడివాళ్లు ఎండుగడ్డితో, మల్లె టీతో పోలుస్తారు. నాకు తగిలింది ఎండుచేపల గంపలో కాసింత కస్తూరి కలిపినట్టుండే వాసన. మొదటి నిమిషం ముక్కు ముడుచుకున్నమాట నిజం. తర్వాత కళ్లు పనిలో పడ్డాయి. విడిపోతున్న అంచు నుంచి చేప పొలుసులు బయటపడుతున్నాయి. ఒక్కోటి గోరులో సగం, పలచటి అభ్రకం రేకులా ఉంది. వాటి మధ్య దారం ముక్కల్లాంటి ముళ్లు, పూసల్లాంటి వెన్నెముక తునకలు. భూతద్దం పెడితే పొలుసు మీద ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి వలయాలు. చేప పెరిగినకొద్దీ పొలుసు ఒక్కో వలయం కట్టుకుంటూ పోతుంది. చెట్టు కాండంలో ఏటేటి రింగుల్లాగే దాన్నీ చదవవచ్చు. అంటే నా ముందున్నది ఒక కాలంలో ముడుచుకున్న ఇంకో కాలం. పైది నేల రాస్తున్న వయసు, లోపలిది చేప తనకు తాను రాసుకున్న వయసు. ఇంతకన్నా నిండైన కూర్పు చేతితో చేసిన శిల్పాల్లో నాకు తక్కువగా కనపడింది.

దాని ముసలితనం ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ అందం ఇంకా స్పష్టమవుతుంది. నీటికుక్క వేసిన ముద్దలో ఎముకల్నీ పొలుసుల్నీ కలిపి ఉంచేది పేగుల జిగురు. ముసలిదయ్యేది ఆ జిగురే. అది ఆరితే ముద్ద గట్టిపడి నల్లదనం బూడిదవుతుంది. వాన చినుకులు కొడితే జిగురు కరిగి ముద్ద విడిపోతుంది. చివరికి మిగిలేది తెల్లటి ముళ్ల పొడి, నాలుగు పొలుసులు. తడి పైకి గాలిలోకి పోతుందా, కిందికి నేలలోకి దిగుతుందా, రెండు దారులూ మూసుకుని లోపలే ఉంటుందా అన్నదాన్నిబట్టి ఈ నడక మారుతుంది. చెట్టు నీడలో గడ్డిలో పడ్డది రోజుల తరబడి పచ్చిగానే కనబడి మోసం చేస్తుంది. వంతెన కిందో, చరియ కిందో వాన తగలని చోట పడ్డది నెలలు నిలుస్తుంది. వరదకు అందేచోట పడ్డదానికి మరుసటి రోజు ఉండదు.

ఈ మోసం పరిశోధకులను కూడా చాలా తిప్పలు పెట్టింది. ఉత్తర స్కాట్లాండులో జెంకిన్స్, బరోస్ అనే ఇద్దరు మలాన్నిబట్టి నీటికుక్కల సంఖ్య, తిరిగే చోట్లు తెలుసుకోవచ్చా అని పరిశీలించి 1980లో ప్రచురించారు. షెట్లాండు దీవుల్లో ఏళ్ల తరబడి నీటికుక్కలను వెంటాడి చూసిన హాన్స్ క్రూక్, మలం కుప్పలు లెక్కపెట్టి జంతువులను లెక్కపెట్టవద్దని గట్టిగా హెచ్చరించాడు. వేసవిలో అవి గట్టు మీద గుర్తులు వేయడమే తగ్గించేస్తాయి. వేసినవాటిలోనూ వాన ఎన్ని తుడిచిందో ఎవరు చెప్పగలరు? కుండపోత మరునాడు గట్టు ఖాళీగా ఉంటే నీటికుక్కలు లేవని రాసుకోవడం తప్పు. ఇప్పుడు మలం నుంచి డీఎన్‌ఏ తీసి ఏ జంతువుదో కూడా చెబుతున్నారు. దానికి తెల్లవారుజామున, తడి ఆరకముందే సేకరించాలి. వేడికి డీఎన్‌ఏ తునకలైపోతుంది. ప్రయోగశాలకు పనికొచ్చేది బీభత్సం ఉన్నంతసేపే. అక్కడ దానికి పని అయిపోయాకే రసికుడి వంతు మొదలవుతుంది.

కోరింగ నుంచి ఆ చూపు వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాను. ఇక్కడ నా చదువుకు దొరికింది నీటికాకి. అదీ చేపలు తినేదే, నీటి ఒడ్డున బండనే ఎంచుకునేది. కాకపోతే దాని వంటిల్లు వేరు. అరగని ముళ్లూ పొలుసులూ ఉండలా కట్టి నోటి నుంచే కక్కేస్తుంది. వెనక నుంచి వచ్చేదాంట్లో తెలుపంతా యూరిక్ ఆమ్లం. నీటిని పొదుపు చేసుకోవడానికి పక్షులు నత్రజనిని ఇలా సున్నంలా మార్చి వదులుతాయి. అది నీళ్లలో కరగదనే చెప్పాలి, అంత తక్కువ. అందుకే వాన రెట్టను కరిగించలేదు. కొట్టాలి, రేపాలి, మోసుకుపోవాలి. నీటికుక్కది కరిగే ముసలితనం, నీటికాకిది రాలే ముసలితనం.

ఇక దాని కింద ఉన్న నేల ఎలాంటిదో చూడండి. ఈ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. మాదాపూర్, గచ్చిబౌలి గుండ్లన్నీ ఆ తరానివే. ఉల్లిపొరల్లా పెచ్చులు విడిచి గుండ్రమైనవి. పైకి నున్నగా అనిపించినా చెయ్యి పెడితే గరుకు. తెల్లటి స్ఫటికం గింజలు పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ అరిగి చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి. ఈ రాయి ఇసుకలా తడి తాగదు, బురదలా అరువివ్వదు. వేడెక్కుతుంది. అదొక్కటే దానికి తెలిసిన పని.

నా గీత మార్చిలో సన్నగా నెరలు విచ్చింది, ఎండిన చెరువు అడుగులా. చివరి రెండు పాయలు పలచన కనక ముందు అవే పొడిగా లేచిపోయాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు పగిలే ఎండలో బండ వీపున ఉన్న సున్నం పొర ఏం కావాలి? మే చివర అంచులు ఊడి, నడిమి భాగం ఒక్కటే మిగిలింది. తెలుపు కూడా మారింది. ఫిబ్రవరిలో అది అప్పుడే వండిన అన్నం తెలుపు. మేలో అది దుమ్ము పట్టిన శంఖం తెలుపు. భరతుడు కరుణకు పావురం రంగు ఇచ్చాడు. ఆ ఎండల్లో ఒక సాయంత్రం, అలసిపోయి వెళ్లిన రోజున, నా గీత అచ్చంగా ఆ రంగులో ఉంది.

ఈ మధ్యలో ఊరిని కూడా ఇదే కంటితో చదివాను. ఫ్లైఓవర్ల కింద పావురాల రెట్టలు వానా ఎండా ఎరగక, దుమ్ము తిని నల్లబడి, కాంక్రీటు పొరలా పేరుకుంటాయి. మెట్రో స్తంభాల మీద వాన తగిలే వైపు చారలు, తగలని వైపు గడ్డలు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ వైపు ఒక పాత ప్రహరీగోడ మీద మానుపిల్లి వేసినది చూశాను. అదీ నీటికుక్కలాగే ఎత్తైన, నలుగురికీ కనబడే చోటే ఎంచుకుంటుంది. రెండు వానలకు మిగతాదంతా పోయి గింజలు మాత్రం కడిగి ఆరబెట్టినట్టు గోడ మీద మిగిలాయి. ఇవన్నీ ఆనందపెట్టాయి. అద్దాల మేడలు మాత్రం నాకు బాధ కలిగించాయి. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన దగ్గర్నుంచి ఈ ప్రాంతంలో గోడ అంటే అద్దమన్నట్టు తయారయింది. అద్దం మీద రెట్ట పడితే దాన్ని పట్టుకునే గుంట లేదు, తాగే రంధ్రం లేదు. తాళ్లకు వేలాడుతూ మనుషులు వచ్చి తుడిచేదాకా ఉంటుంది, లేదా ఒక్క జల్లుకు జారిపోతుంది. పడింది, పోయింది. ఏ వస్తువునూ ముసలిది కానివ్వని నేల అది. అటువంటి నేల మీద ఏ రసమూ నిలవదని నా నమ్మకం.

బండలు అలా కావు. వాటిని కాపాడుకోవాలని ఈ ఊళ్లో 1996లోనే ఒక సంఘం పుట్టింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు ఆకారపు బండ వారసత్వ శిలల్లో ఒకటి. ఆ ప్రాంగణంలోనే చదునైన బండల మీద చుక్కలజింకల పెంటికలు చూడాలి. ఎండాకాలంలో చింతగింజల్లా గట్టిపడి, నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. తొలకరి పడ్డాక అవే మొరం నేల మీద పడితే తెల్లారేసరికి ఉండవు. పేడపురుగులు భూమిలోకి దింపేస్తాయి. ఒకే జింక, ఒకే మేత, వంద గజాల దూరంలో రెండు విధాల ఆయుష్షు. 2025 మార్చి చివర్లో ఆ పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు కూల్చినప్పుడు అందరూ నెమళ్ల కోసం, జింకల కోసం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా నిద్ర పట్టలేదు. నెమలి ఎగిరిపోగలదు. దాని రెట్ట పడి, ఆరి, మట్టిలో కలిసే నేల పొర ఎగరలేదు. ఆ పొరను బ్లేడుతో గీకి పక్కకు తోస్తే పోయేది ఎన్ని వానాకాలాల రాతో.

జూన్ మొదటి జల్లు కురిసిన సాయంత్రమే చెరువుకు పరుగెత్తాను. గీత పోయి ఉంటుందనుకున్నాను. చిరుజల్లు దానికి ఇంకో వేషం వేసింది. తడికి మిగిలిన సున్నం పాలిపోయి రాయి గులాబీ రంగు లోపల నుంచి కనబడుతోంది. దాని కింద బెత్తెడు మేర పలచటి తెల్లటి తెర కొత్తగా దిగింది. ఫిబ్రవరిలో పక్షి గీయని భాగాన్ని జూన్‌లో వాన గీసింది. జూలైలో కుండపోతలు వచ్చి ఆ తెరను, నడిమి భాగాన్ని కొట్టుకుపోయాయి. అయినా స్ఫటికం గింజల పక్క గుంటల్లో తెల్లటి చుక్కలు ఇరుక్కుని నిలిచాయి. ఏడు ఉన్నాయి, లెక్కపెట్టాను. రాయి గరుకుదనం ఎంతో నాకు అప్పుడు తెలిసింది, ఆ చుక్కల వల్ల. ఆగస్టులో వాటి చుట్టూ సన్నటి పచ్చదనం పాకింది. రెట్టలోని నత్రజని సూక్ష్మజీవుల చేతుల్లో పడి నాచుకు తిండి అయింది.

ఆ బండ నడినెత్తిన, నీటికాకులు ఏళ్ల తరబడి వాలే చోట, పసుపు రంగు పూత ఒకటి ఉంది. లైకెన్. మన బిర్యానీలో పడే రాతిపువ్వుకు దూరపు చుట్టం. రెట్టలు ఎక్కువగా పడే రాళ్ల మీద నత్రజని అంటే ఇష్టపడే లైకెన్లు పసుపు, నారింజ రంగుల్లో స్థిరపడతాయి. నాట్యశాస్త్రంలో అద్భుతరసానికి చెప్పిన రంగు పీతం. నేను ఈ పోలికను వెతుక్కుంటూ వెళ్లలేదు. సెప్టెంబరులో మబ్బు విడిచిన ఒక క్షణాన ఎండ ఆ పసుపు మీద పడినప్పుడు, దాని అడుగున ఎన్ని వందల రెట్టలు ఎండి, రాలి, నానాయో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

కార్తీకంలో మంచు మొదలైంది. పొద్దున బండంతా చెమర్చి, పదింటికి ఆరిపోయేది. ఈ మెత్తటి తడి కుండపోత కన్నా ఓపికైనది. ఏడు చుక్కలు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. నవంబరు చివరి ఆదివారం వెళ్లేసరికి ఒక్కటి మిగిలింది, ఆవగింజంత. అది రెట్ట తెలుపో, రాతి స్ఫటికం తెలుపో కంటికి తేడా తెలియలేదు. గోటితో గీరి చూద్దామని చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను. మూరెడు ఎడంగా, అదే ఏటవాలు మీద, ఇంకో గీత పడి ఉంది. ఈసారి ఒకే పాయ, కొంచెం ఎడమకు వంగి, ఇంకా తడిగా.